తెలిసిన మాటతోనే తంటా

కర్నూలు, కడప సీమల్లో తొలకరి పడి నేల పదునైన నాలుగు రోజులకు చేను గట్ల మీద ఎర్రటి మఖమలు ముక్కల్లాంటి పురుగులు పాకుతుంటాయి. పిల్లలు వాటిని అగ్గిపెట్టెల్లో వేసుకుని బడికి తెస్తారు. వీటిని ఆరుద్ర పురుగులంటారు. ఆ పేరులో ఒక చుక్క ఉంది, ఒక కార్తె ఉంది, ఒక వాన ఉంది. సంస్కృతంలో ఆర్ద్ర అంటే తడి. ఖగోళమూ వాతావరణమూ జీవశాస్త్రమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇంతకీ అది పురుగు కూడా కాదు. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిదుంటాయి. సాలీడుకు దగ్గరి చుట్టం.

ఇప్పుడు ఆ అగ్గిపెట్టె పిల్లవాణ్ణే ఒక ప్రశ్న అడగండి. ఆరుద్ర కార్తెలో రాత్రిపూట ఆరుద్ర చుక్క కనపడుతుందా? కనపడుతుందనే అంటాడు. పెద్దవాళ్ళలోనూ ఎక్కువమంది అదే అంటారు. కనపడదు. ఆరుద్ర కార్తె అంటే పొద్దు ఆరుద్ర ఉన్న దిక్కుకు చేరిన రోజులు. జూన్ 21, 22 తేదీలకు అటూ ఇటూ మొదలై రెండు వారాలుంటుంది. ఆ రోజుల్లో చుక్క పొద్దుతోపాటే పొడిచి, పొద్దుతోపాటే మునుగుతుంది. దాన్ని చూడాలంటే డిసెంబరు, జనవరి దాకా ఆగి, చీకటి పడ్డాక తూర్పుకు తిరగాలి. కొంచెం ఎర్రగా మెరుస్తుంది.

పిల్లవాడికి ఆరుద్ర తెలియక కాదు, తెలిసే తప్పు చెప్పాడు. బడిపిల్లల సైన్సు మాటల గురించి మనవాళ్ళు వందేళ్ళుగా వాదించుకుంటున్నది సంస్కృతమా, తెలుగా, ఇంగ్లీషా అని. కొత్తమాట కష్టంగా ఉందన్నదే అందరి ఫిర్యాదు. కొత్తమాట కష్టం నాలుగు రోజులుంటుంది, కంఠతా పడితే పోతుంది. ఇంట్లో ఒక అర్థంతో, బడిలో ఇంకో అర్థంతో తిరిగే పాతమాట పెట్టే తంటా పదో తరగతి దాటినా పోదు. ఆకాశం, జీవావరణం, శక్తి అనే మూడు పాఠాలను ఈ రెండు పాత జిల్లాల నేల మీద నిలబెట్టి చూస్తే ఆ సంగతి తేటపడుతుంది. పాత జిల్లాలని ఎందుకు అనాల్సి వచ్చిందంటే, 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లా వేరుపడ్డాయి.

మాటలు వచ్చిన దారి

1820లో కుంపిణీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే తెలుగులో దిగబడ్డాడు. తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యపదం పక్కనే పొలం మాట కూడా చోటు దక్కించుకుంది. అదే ఏడాది కచేరీల్లో, వ్యవహారంలో నలిగిన పారసీ, హిందుస్తానీ మాటలకు విడిగా జిల్లా నిఘంటువు వేశాడు. జనం నోట ఉన్నదంతా భాషేనన్నది ఆయన లెక్క. ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు బ్రౌన్ పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి.

సైన్సును తెలుగులో చెప్పాలన్న పట్టుదల కొమర్రాజు లక్ష్మణరావుతో బలపడింది. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, ఆ తర్వాత ఆయన తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కొత్త మాటల అవసరాన్ని తెచ్చిపెట్టాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో కేంద్రప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పరిభాషకు ఒక సంఘం వేసింది. మూలకాల పేర్లు, వాట్, ఆంపియర్ వంటి కొలతలు ప్రపంచమంతా ఎలా అంటే అలాగే ఉంచాలి. భావాలకు మాత్రం అన్ని భారతీయ భాషలకూ పనికొచ్చేలా సంస్కృత ధాతువుల నుంచి మాటలు కట్టాలి. ఇదీ దాని సూత్రం. కాలేజీ చదువును తెలుగులోకి తేవడానికి 1968లో పుట్టిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు వేసింది. మన పాఠ్యపుస్తకాల్లోని పరిభ్రమణం, కేంద్రకం, విచ్ఛిన్నకారులు ఈ దారిన నడిచొచ్చినవే.

ఇంకో దారి కూడా ఉంది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. అది వ్యవసాయ పదాల పుస్తకం. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో ఊరూరా తిరిగి రాసుకొచ్చారు. కడప జిల్లా కథకుడు కేతు విశ్వనాథరెడ్డి తన పరిశోధనకు కడప ఊళ్ళ పేర్లనే ఎంచుకున్నాడు. ఈ రెండు జిల్లాల ఊళ్ళ పేర్లు చూడండి. ఎర్రగుంట్ల, కోవెలకుంట్ల, బేతంచెర్ల, జమ్మలమడుగు: కుంటలు, చెరువులు, మడుగులు. వాన తక్కువ సీమలో ఇన్ని ఊళ్ళు నీటి పేర్లు పెట్టుకున్నాయంటే అది నీళ్ళు ఎక్కువై కాదు. నీళ్ళున్నచోటే ఊరు నిలిచింది గనక.

ఈ రెండు దారులూ కలవలేదు. తెలుగు అకాడమి పదకోశం రాసినవారు పొలం గట్టు ఎక్కలేదు. పొలం మాటలు ఏరినవారి పని భాషాశాస్త్రపు అల్మారా దాటి తరగతి గదికి రాలేదు. మధ్యలో వంతెన కట్టినది పత్రికలూ ప్రజా విజ్ఞాన ఉద్యమమూ. నండూరి రామమోహనరావు విశ్వం పుట్టుకను చెప్పే పుస్తకానికి విశ్వరూపం అని, పరిణామం చెప్పేదానికి నరావతారం అని పేర్లు పెట్టాడు. పాత కుండలో కొత్త నీళ్ళు పోశాడన్నమాట. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక పిల్లల పత్రికకు చెకుముకి అని పేరు పెట్టింది. రాపిడితో నిప్పు, అంటే పని వేడిగా మారడం, ఆ పేరులోనే ఉంది. 2020 తర్వాత ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు వచ్చాయి. ఇప్పుడు పిల్లవాడి ముందు మూడు మాటలున్నాయి: అవ్వ మాట, పుస్తకం మాట, ఇంగ్లీషు మాట. మూడూ ఒకే వస్తువును చూపుతున్నాయా అన్నది మాత్రం ఏ పేజీలోనూ లేదు.

ఆకాశం: చుక్కలన్నీ నక్షత్రాలు కావు

మన పల్లె ఆకాశానికి పేర్ల కరువు లేదు. కృత్తికల గుంపు పిల్లలకోడి. సప్తర్షులు ఒక ముసలమ్మ మంచం. ఆ మంచం కోళ్ళను దొంగలు ఎత్తుకుపోతున్నారని కథ. వరసగా మెరిసే మూడు చుక్కలు గొల్లకావిడి. తెల్లారగట్ల వెలిగేది వేగుచుక్క. ఏ పేరు ఏ చుక్కలదన్నది ఊరూరికీ మారుతుంది కాబట్టి పంతులు పుస్తకం చూసి తీర్పు చెప్పకూడదు. పిల్లలతో మిద్దె ఎక్కి అవ్వను అడగాలి. ఎండు సీమ కావడం వల్ల చలికాలపు రాత్రుల్లో మనకున్నంత తేట ఆకాశం కోస్తావాళ్ళకు అరుదు.

తంటా చుక్క అన్న మాటతోనే మొదలవుతుంది. వేగుచుక్క చుక్కే గానీ నక్షత్రం కాదు, శుక్రగ్రహం. తోకచుక్క మంచూ దుమ్మూ కలిసిన ముద్ద. రాలిపడే చుక్క గాలిలో రాపిడికి మండిపోయే రాతి నలుసు. చుక్క అన్నది కంటికి కనపడినదాని పేరు. నక్షత్రం, గ్రహం, ఉల్క అన్నవి అది ఏమిటో తేల్చుకున్నాక పెట్టిన పేర్లు. ఈ తేడా ఒక్కసారి చెబితే చాలు, చుక్క తప్పుమాట కాదనీ, దానిపని వేరనీ పిల్లలకు అర్థమవుతుంది.

నక్షత్రం మెలిక ఇంకా గట్టిది. పిల్లవాడికి ఈ మాట మొదట వినపడేది జాతకంలో. నీది ఏ నక్షత్రం అంటే, నువ్వు పుట్టినరోజు చంద్రుడు ఏ చుక్కల దగ్గరున్నాడని అడగడం. ఇది ఏ కార్తె అంటే, సూర్యుడు ఏ చుక్కల దగ్గరున్నాడని అడగడం. సైన్సు పుస్తకంలో నక్షత్రమంటే తనంతట తాను మండే వాయుగోళం. మాట ఒకటే, అర్థాలు మూడు. వీటిని కలిపే లెక్క చాలా అందమైనది. చంద్రుడు ఆకాశం చుట్టి రావడానికి దాదాపు 27 రోజులు పడుతుంది. అందుకే దారిలో 27 మజిలీలు పెట్టారు. చంద్రుడు ఒక్కో మజిలీలో ఇంచుమించు ఒక రోజుంటాడు. సూర్యుడు అదే దారి చుట్టడానికి ఏడాది తీసుకుంటాడు. 365ను 27తో భాగిస్తే పదమూడున్నర. కార్తె పదమూడు పద్నాలుగు రోజులు ఎందుకుంటుందో ఈ భాగహారంలో తేలిపోతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వచ్చి ఎప్పుడు పోతుందో ఆరో తరగతి పిల్లలు లెక్కేసి చెప్పగలరు.

గ్రహం సంగతీ అంతే. గుడిలో తొమ్మిది. అందులో సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు, రాహుకేతువులున్నారు, భూమి లేదు. పుస్తకంలో ఎనిమిది. 2006లో ప్లూటోను పక్కన పెట్టాక లెక్క తగ్గింది. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అంటే పిల్లవాడు ఇంటితో గొడవ పడతాడు. భూమ్మీద నిలబడి కదిలేవాటిని లెక్కిస్తే ఒక జాబితా వస్తుంది, సూర్యుడి చుట్టూ తిరిగేవాటిని లెక్కిస్తే ఇంకొకటి వస్తుంది. రాహుకేతువులు పాములూ కావు, గోళాలూ కావు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు. గ్రహణాలు అక్కడే పడతాయి. పంచాంగం లెక్కగట్టేవారికి ఇది తెలుసు. గ్రహణం పట్టింది, విడిచింది అని ఊళ్ళో అనే మాటలు నీడ తాకే, తొలగే గడియలకు అచ్చంగా సరిపోతాయి. వాటిని మార్చాల్సిన పనిలేదు.

భ్రమణం, పరిభ్రమణం అన్న జంట పరీక్షలో తారుమారయ్యేది అవి బరువైన మాటలని కాదు, ఒకేలా వినపడతాయి గనక. బొంగరం తిరగడం భ్రమణం, గానుగెద్దు తిరగడం పరిభ్రమణం అంటే ఇక తారుమారు కావు. కాంతి సంవత్సరం చివర సంవత్సరం ఉంది కాబట్టి అది కాలమనుకుంటారు. అది దూరం: దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. కర్నూలు నుంచి కడప ఎంత దూరమంటే బస్సులో నాలుగైదు గంటలంటాం కదా. దూరాన్ని కాలంతో చెప్పడం మనకు కొత్తేమీ కాదు. ఇక్కడ బస్సుకు బదులు కాంతి పోతోంది, అంతే.

పొద్దు అన్న చిన్నమాటను పుస్తకాలు పట్టించుకోవు. సూర్యుడూ పొద్దే, పగలూ పొద్దే, కాలమూ పొద్దే. ఒక మూలకం పేరులోనూ పొద్దు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా పోయింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ దాన్ని పరిశీలించారు. ఆ గ్రహణంతో ఊపందుకున్న సూర్యకాంతి శోధనలోనే భూమ్మీద అప్పటికి తెలియని మూలకం ఒకటి సూర్యుడిలో ఉందని బయటపడింది. గ్రీకులో సూర్యుడి పేరైన హీలియోస్ మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. అంటే హీలియం గ్రీకువాళ్ళ పొద్దు. పొద్దుతిరుగుడు చేలు తెలిసిన పిల్లలకు ఆ పేరు ఇక మరుపు రాదు.

నేల: బీడు అంటే ఖాళీ కాదు

ఆవరణ వ్యవస్థ పాఠంలో మూడు ముఖ్యమైన పాత్రలున్నాయి: ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు. ఎర్రగుంట్ల పిల్లవాడికి ఉత్పత్తి అంటే సిమెంటు ఫ్యాక్టరీ. వినియోగదారు అంటే కరెంటు బిల్లు మీద నాన్న పేరు. విచ్ఛిన్నకర శక్తులంటే వార్తల్లో దేశానికి చెరుపు చేసేవాళ్ళు. ఈ మూడు అర్థాలతో పాఠంలో అడుగుపెట్టినవాడికి చెదపురుగు ఎలా కనపడుతుంది? శత్రువులాగే. ఎరువుదిబ్బ దగ్గరికి తీసుకుపోయి, ఎండు కొమ్మను, పేడను మట్టిగా మార్చి మళ్ళీ చేనుకు ఇస్తున్నది ఎవరో చూపించి, వీటిని కుళ్ళబెట్టేవి అనండి. అప్పుడు పుస్తకంలో వీటి పేరు విచ్ఛిన్నకారులు అని చెప్పండి. వరస మారితే మాట దారికొస్తుంది. శెనక్కాయ ఆకు, దాన్ని తినే ఎర్ర గొంగళిపురుగు, పురుగును ఏరుకునే గోరింక, గోరింకను తన్నుకుపోయే డేగ. ఈ ఆహారపు గొలుసు ప్రతి చేలోనూ ఉండగా పుస్తకంలో సింహాన్ని వెతుక్కోవాల్సిన పనేముంది?

ఈ సీమ వాడుకలో ఒకే మాటకు రెండు మనసులున్నది బీడు. రెవెన్యూ లెక్కల్లో పంట లేని నేల, బంజరు. జీవావరణం లెక్కలో అది గడ్డినేల, ఒక నిండు సంసారం. నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది అలాంటి బీడు కోసమే. 614 హెక్టార్ల ఆ గడ్డినేలను బట్టమేక పిట్టకు, కృష్ణజింకకు ఇల్లుగా కాపాడాలనుకున్నారు. మీటరు ఎత్తుండే బట్టమేక పిట్టకు చెట్లు అక్కర్లేదు, చుట్టూ చూపు ఆనే మైదానం కావాలి. అడవి అంటే చెట్లని, చెట్లు లేనిది వట్టినేల అని నేర్చుకున్న కళ్ళకు దాని ఇల్లు ఇల్లులా కనపడదు. దేశం మొత్తం మీద ఆ పక్షులు చాలా కొద్దిగానే మిగిలాయి. బీడు అన్న మాటకు పదకోశంలో గడ్డినేల అన్న అర్థం మొదట, పంట లేని నేల అన్నది తర్వాత రాస్తే ఒక తరం చూపు మారుతుంది.

కడప వైపు కథ ఇంకోలా నడిచింది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షి 1900 తర్వాత కనపడలేదు. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ వెతుకులాటలో సిద్ధవటం వైపు లంకమల కొండల కింద అది మళ్ళీ దొరికింది. రాత్రిపూట దాన్ని పట్టింది పిట్టలు పట్టే స్థానికుడే. పుస్తకాల్లో అది పోయి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటింది. ఊళ్ళో మాత్రం దాని పేరు పోలేదు: కలివి కోడి. కలివి పొదల్లో తిరిగే కోడి. పేరు చెప్పగానే దాని ఆవాసం తెలిసిపోతోంది. ఆవాసం అన్న పాఠానికి ఇంతకన్నా మంచి మొదటి వాక్యం దొరకదు. ఆ పొదల అడవి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, పక్షి తిరిగే చోటును తప్పించడానికి తెలుగుగంగ కాలువ దారి మార్చారు.

స్థానిక జాతి అన్న మాటా ఇలాగే తడబెడుతుంది. స్థానికుడంటే ఈ ఊరివాడని పిల్లలకు తెలుసు. వేప ఈ ఊరిదే, కానీ దేశమంతా ఉంది. ఎర్రచందనం అలా కాదు. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ వంటి ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. ఇక్కడివాడు వేరు, ఇక్కడ మాత్రమే ఉన్నవాడు వేరు. రెండోదానికి ఇక్కడిదే అని ఏకారం పెట్టి చెబితే చాలు; తెలుగులో ఒక్క దీర్ఘం ఆ పని చేస్తుంది.

బయటినుంచి వచ్చి ఆక్రమించే జాతులకు పుస్తకం పెద్ద పేరు పెట్టింది. ఊరు సర్కారు తుమ్మ అంది. అమెరికా ఖండాల నుంచి వంటచెరకుకనీ నేలకాపుకనీ తెచ్చి నాటిన కంపకు, తెచ్చినవాళ్ళ పేరే తగిలించింది. మేకలు కాయలు తిని గింజలు విరజిమ్మితే చెరువులు, వంకలు దానితో నిండాయి. కాలిస్తే బొగ్గవుతుంది, పొయ్యికి ఆసరా అవుతుంది. మేలూ కీడూ ఒకే చెట్టులో ఉన్న పాఠమది.

వాతావరణం మాటను పుస్తకం, పత్రిక, టీవీ మూడు రకాలుగా వాడతాయి: భూమి చుట్టూ ఉన్న గాలిపొర, ఈరోజు ఎండావానా, దశాబ్దాల సగటు. మూడోదానికి పుస్తకం శీతోష్ణస్థితి అంటుంది, పత్రిక వాతావరణ మార్పు అని రాస్తుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమలో రైతుకు వీటి తేడా బాగా తెలుసు. ఈరోజు వాన వేరు, ఈ ఏడు కాలం వేరు, తాతల నాటి నుంచి వస్తున్న ముంగారి, హింగారి వేరు. నైరుతితో వచ్చేది ముంగారి, ఈశాన్యంతో వచ్చేది హింగారి. రైతు వానను సెంటీమీటర్లలో కొలవడు, పదునులో కొలుస్తాడు: తడి ఎంత లోతుకు దిగింది, గింజ పడుతుందా లేదా. వానమాపకం చెప్పేది పైనుంచి పడినది, పదును చెప్పేది నేల పట్టుకున్నది. నేలలోని తేమ అన్న పాఠం పదును అన్న మాటతో మొదలుకాకపోవడం వింత.

శక్తి: పవర్ పోయింది అంటే ఏం పోయింది?

ఈ రెండు పాత జిల్లాల్లో పుస్తకంలోని శక్తి వనరులన్నీ కంటికి కనపడతాయి. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం. ముద్దనూరు దగ్గర బొగ్గుతో నడిచే 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం. గని, శకునాల గ్రామాల మధ్య దాదాపు ఆరువేల ఎకరాల్లో 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు. కొండల మీద గాలిమరలు. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం గని. అయినా ఈ మూడు పాఠాల్లో మాటలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మొదటి చిక్కు శక్తి అన్న మాటతోనే. ఊరి అమ్మవారు శక్తి, ఒంట్లో బలం శక్తి, కొనగల స్తోమత శక్తి. భౌతికశాస్త్రం ఒక్కోదానికి ఒక్కో మాట కేటాయించింది: నెట్టేది బలం, పని చేయించేది శక్తి, ఎంత వేగంగా పని జరుగుతోందో చెప్పేది సామర్థ్యం. ఇంగ్లీషు మాధ్యమంలోకి మారితే ఈ చిక్కు పోతుందా? పోదు. కరెంటు పోతే పవర్ పోయిందనే అంటాం, ఎనర్జీ డ్రింకు తాగితే పవర్ వస్తుందనుకుంటాం. అక్కడా తెలిసిన మాటే అడ్డం.

ఈ ముడి విప్పే లెక్క బోరు దగ్గరుంది. ఐదు హెచ్‌పి మోటరు అని రైతు చెప్పేది సామర్థ్యం. ఒక హెచ్‌పి 746 వాట్లు కాబట్టి ఐదు హెచ్‌పి అంటే దాదాపు 3.7 కిలోవాట్లు. ఆ మోటరు గంటసేపు ఆడితే 3.7 యూనిట్లు ఖర్చు. ఇది శక్తి. తొమ్మిది గంటలు ఆడితే 33 యూనిట్ల పైమాట. మోటరు మారలేదు, సామర్థ్యం అదే. ఖర్చైన శక్తి మాత్రం గంట గంటకూ పెరిగింది. కిలోవాట్ అన్నది కాలువలో నీటి పారుదల లాంటిది, యూనిట్ అన్నది చెరువులో చేరిన నీరు.

ఈ లెక్క తెలిస్తే పత్రిక చదవడం మారుతుంది. 1000 మెగావాట్ల సోలార్ పార్కు నిండు ఎండలో గంటసేపు పూర్తిగా పనిచేస్తే 10 లక్షల యూనిట్లు వస్తాయి. పొద్దున సన్నగా, మధ్యాహ్నం నిండుగా, రాత్రి సున్నా. మెగావాట్లు చెప్పేది ఎంత ఇవ్వగలదని, యూనిట్లు చెప్పేది ఎంత ఇచ్చిందని. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా మైలవరం దగ్గరి 250 మెగావాట్ల సోలార్ ప్రాజెక్టుకు యూనిట్ 3 రూపాయల 15 పైసల ధర పలికింది, అప్పటికి అది చాలా తక్కువ. ఆ వార్తలో మెగావాటూ ఉంది, యూనిటూ ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు రెంటినీ వేరుచేసి చదవగలిగితే శక్తి పాఠం వచ్చినట్టే.

రాత్రి సున్నా అవుతుంది కాబట్టి నిల్వ కావాలి. 2022 మేలో పిన్నాపురం దగ్గర పునాది పడిన ప్రాజెక్టు అందుకే. 1680 మెగావాట్ల చొప్పున ఆరు గంటలు ఇవ్వగలిగేలా దాన్ని తలపెట్టారు. గోరుకల్లు జలాశయం నుంచి నీళ్ళు తెచ్చి, పగలు మిగిలిన కరెంటుతో కింది చెరువు నుంచి పై చెరువుకు ఎక్కించి, రాత్రి కిందికి వదులుతారు. పత్రికలు దీన్ని పంప్డ్ స్టోరేజి అంటాయి. ఎత్తిపోతల పథకం తెలిసిన సీమకు ఇది ఎత్తిపోతల నిల్వ. ఎద్దులతో కపిల తోలి బావినీళ్ళు తోడిన తాతలకు పైకెత్తిన నీటిలో దాగిన పని ఏమిటో ఒంటికి తెలుసు. పుస్తకం దానికి స్థితిశక్తి అని పేరు పెట్టింది. వదిలినప్పుడు ఉరికేది గతిశక్తి. ఎత్తడానికి వంద యూనిట్లు పెడితే 75, 80 తిరిగొస్తాయి. మిగతావి రాపిడికి, వేడికి పోతాయి. శక్తి నశించదన్న సూత్రానికీ, శక్తిని పొదుపు చేయాలన్న నినాదానికీ మధ్య పిల్లలకు కనపడే వైరుధ్యం ఇక్కడ తీరుతుంది. శక్తి పోలేదు, మనకు పనికిరాని చోటికి పోయింది.

తుమ్మలపల్లెకు వస్తే ఇంకో చిక్కు. రసాయనశాస్త్రం పాఠంలో విడిగా ఉండేది పరమాణువు, కొన్ని కలిసినది అణువు. అదే పుస్తకంలో, పత్రికల్లో అణుశక్తి, అణుబాంబు. నిజానికి ఆ శక్తి అణువుదీ కాదు, పరమాణువు అంచుదీ కాదు, దాని నడిబొడ్డైన కేంద్రకానిది. కేంద్రక శక్తి అన్న సరైన మాట ఉన్నా వాడుక అణువునే పట్టుకుంది. దాన్ని ఇప్పుడు మార్చలేం. పదకోశంలో అణుశక్తి దగ్గర ఒక వాక్యం అదనంగా రాయగలం. తుమ్మలపల్లెలో దొరికేది ఖనిజం మాత్రమేనని, అక్కడ రియాక్టరు లేదని ఇంకో వాక్యం.

తరగని వనరులన్న మాటను కూడా ఈ సీమలో జాగ్రత్తగా వాడాలి. భూగర్భజలం వాన పడితే మళ్ళీ చేరేదే, పుస్తకం లెక్కన తరగనిదే. ఎండిన బోర్ల మధ్య నిలబడి ఆ మాట అనగలమా? తరగనిది కాదు, తిరిగి నిండేది. నిండేదానికన్నా వేగంగా తోడితే తరుగుతుంది. ఎండకూ గాలికీ ఆ భయం లేదు. అడవికీ బోరుకూ ఉంది.

ఇక్కడే బీడు మళ్ళీ ఎదురవుతుంది. సోలార్ పలకలకు కావాల్సింది చదునైన, ఎండ పడే, పంట లేని నేల. బట్టమేక పిట్టకూ అదే. ఎగిరేటప్పుడు ఎదురు సరిగా చూడలేని ఆ బరువైన పక్షి కరెంటు తీగలకు తగిలి చస్తోందని, రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలు భూమిలో వేయడంపై 2021లో సుప్రీంకోర్టు ఆదేశమిచ్చింది. 2024లో దాన్ని సవరించి నిపుణుల సంఘానికి అప్పగించింది. శక్తి పాఠం, జీవావరణం పాఠం వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నా నేల ఒకటే. ఆ నేలను బంజరు అని పిలిచిన క్షణాన సగం నిర్ణయం అయిపోయింది.

మూడు గంపలు

చూసినవన్నీ కలిపితే మాటలు మూడు గంపల్లో పడతాయి. మొదటిది ఉన్నవి ఉన్నట్టు వాడుకోవాల్సినవి: పదును, గండి, వంక, గాలిమర, తోకచుక్క, గ్రహణం పట్టు విడుపు, కలివి కోడి. రెండోది అరువు తెచ్చుకున్నా సుఖంగా ఉండేవి: వాట్, యూనిట్, సోలార్, రియాక్టర్, హీలియం, గెలాక్సీ. వీటికి తెలుగు కట్టాలన్న పంతం అనవసరం. స్టార్టరు, ట్రాన్స్‌ఫార్మరు అని పలకడం ఏ రైతుకూ కష్టం కాలేదు. మూడో గంప చిన్నది, బరువైనది: శక్తి, సామర్థ్యం, నక్షత్రం, గ్రహం, వాతావరణం, స్థానిక, వినియోగదారు, అణువు, బీడు. పంతులు సమయంలో ముప్పాతిక వంతు ఈ మూడో గంపకే పోవాలి. ఇప్పుడు రెండో గంపకు పోతోంది.

ఊరి మాటలతో ఇబ్బంది లేదని కాదు. కర్నూలు బుడ్డలు కడపలో శెనక్కాయలు. రాష్ట్రమంతటికీ ఒకే ప్రశ్నపత్రం ఉన్నప్పుడు జవాబులో ఊరి మాట రాస్తే దిద్దేవారికి తెలియకపోవచ్చు. బదిలీ మీద వచ్చిన పంతులుకు హింగారి కొత్త కావచ్చు. అందుకే ఊరి మాట పుస్తకం మాటకు బదులు రాకూడదు, ముందు రావాలి. గడప దాటడానికి ఇది, పరీక్ష రాయడానికి అది.

జిల్లాకో చిన్న పదకోశం పిల్లలచేతే రాయించవచ్చు. 1962లో పెద్దలు చేసినట్టే పొలానికి, మిద్దె మీదికి, సబ్‌స్టేషనుకు పోయి మాటలు ఏరుకు రావాలి. ప్రతి మాటకూ వస్తువు బొమ్మ, ఊళ్ళో ఏమంటారు, పుస్తకం ఏమంటుంది, ఇంగ్లీషులో ఏమిటి, దేనితో కలిపి పొరబడతారు అన్న ఐదు గడులుంటే చాలు. ఐదో గడి మామూలుగా పదకోశాల్లో కనపడదు. అది పెద్దవాళ్ళు నింపలేరు. తప్పు చెప్పిన పిల్లవాడే నింపాలి. ఆరుద్ర పక్కన ఆ అగ్గిపెట్టె పిల్లవాడు ఏం రాయాలో ఇప్పుడు వాడికి తెలుసు: కార్తెలో కనపడదు, చలికాలంలో చూడాలి.